జర్మనీలో అద్దె ఇంటి వైఫై మొరాయిస్తే రూటర్‌ను రీసెట్ చేయకండి

మొన్న శనివారం సాయంత్రం, కొత్తగా వచ్చిన ఒక తమ్ముడు లాప్‌టాప్‌లో వైఫై మాటిమాటికీ తెగిపోతోందని విసిగిపోయి, నడవాలో ఉన్న రూటర్ వెనుకవైపు సన్నని రంధ్రంలో సిమ్ తీసే పిన్ను దూర్చి పది సెకన్లు నొక్కి పట్టుకున్నాడు. దీపాలన్నీ ఒక్కసారి ఆరి మళ్ళీ వెలిగాయి, కానీ ఆ ఇంట్లో ఉంటున్న ఐదుగురిలో ఎవరికీ ఇంటర్నెట్ రాలేదు. కనెక్షన్ తీసుకున్నప్పుడు కంపెనీ వారు ఉత్తరంలో పంపిన లాగిన్ వివరాలు అసలు అద్దెదారు దగ్గర ఉన్నాయి. ఆ మనిషి సెలవులకు ఊరు వెళ్ళి ఫోన్ ఎత్తడం లేదు. మంగళవారం దాకా ఐదుగురూ మొబైల్ డేటా మీదే నెట్టుకొచ్చారు.

రీస్టార్ట్ వేరు, రీసెట్ వేరు. ప్లగ్ తీసి, అర నిమిషం ఆగి, మళ్ళీ పెట్టడం రీస్టార్ట్. దానివల్ల ఏ నష్టమూ లేదు. రీసెట్ చేస్తే మాత్రం రూటర్‌లో ఎవరో ఎప్పుడో ఎక్కించిన వివరాలన్నీ చెరిగిపోతాయి. కొన్ని కనెక్షన్లు వాటంతట అవే తిరిగి అమరుతాయి, కానీ ఫోన్ తీగ మీద వచ్చే చాలా డీఎస్ఎల్ కనెక్షన్లకు ఆ ఉత్తరం దొరికేదాకా దిక్కులేదు. రూటర్ మెనూ జర్మన్‌లోనే ఉంటుంది కాబట్టి రెండు మాటలు గుర్తుంచుకోండి: నోయ్‌ష్టార్ట్ అంటే రీస్టార్ట్, వెర్క్స్‌ఐన్‌ష్టెలుంగెన్ అంటే ఫ్యాక్టరీ రీసెట్. రెండో మాట కనిపించిన చోట మౌస్ మీద నుంచి చెయ్యి తీసేయండి. ఇంకొక సంగతి కూడా ఉంది. రీస్టార్ట్ తరువాత 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ కాసేపు కనిపించకపోవచ్చు, ఎందుకంటే కొన్ని చానళ్ళలో రాడార్ ఏదైనా పనిచేస్తోందా అని రూటర్ ముందుగా ఒక నిమిషం, వాతావరణ రాడార్లు వాడే చానళ్ళలోనైతే పది నిమిషాలు, విని తీరాలని ఐరోపా నిబంధన ఉంది. ఆ పది నిమిషాలు ఓపిక పట్టలేకనే కొందరు పిన్ను వెతుక్కుంటారు.

ఇంత గట్టిగా చెప్పే అర్హత నాకెక్కడిదంటే, నేను చేసిన తెలివితక్కువ పనులు అంతకంటే తక్కువవి కావు. మాగ్డెబుర్గ్‌లో నా మొదటి అక్టోబరు, నవంబరు నెలల్లో గదిలో వైఫై గీతలు రెండు ఉంటే పండగ. వెర్క్‌స్టూడెంట్, అంటే చదువుకుంటూ చేసే ఉద్యోగానికి వీడియో ఇంటర్వ్యూ జరుగుతుండగా అవతలి ఆమె ముఖం నోరు తెరిచినట్టుగానే నిలిచిపోయింది. ఆ ఉద్యోగం రాలేదు. లాప్‌టాప్ ఇండియాలో కొన్నది కాబట్టి ఇక్కడ సరిగ్గా పని చేయదేమోనని విండోస్ రెండుసార్లు తిరగ వేశాను, యూఎస్‌బీ వైఫై స్టిక్ ఒకటి కొన్నాను, పైగా ఇంట్లో వాళ్ళ మీద విసుక్కున్నాను. డిసెంబరులో బకెట్ కోసం ఇంట్లోని సామాన్ల గది తలుపు తీస్తే, రూటర్ అందులో నేల మీద, మడిచి నిలబెట్టిన ఇస్త్రీ బల్లకు వెనుక ఉంది. ఆ బల్ల కింది భాగమంతా ఇనుప జాలీ, పక్కన వాషింగ్ మెషీన్, ఎదురుగా పాత కట్టడపు మందపాటి ఇటుక గోడ. ఇంటి ఆమెను అడిగి రూటర్‌ను ఆ గదిలోంచి తెచ్చి నడవాలో చెప్పుల అలమర పైన పెట్టాను, అంటే జరిపింది మీటరున్నర దూరం. ఆ రాత్రి అమ్మతో గంటసేపు వీడియోలో మాట్లాడితే ఒక్కసారి కూడా ఆగలేదు.

అందుచేత దేన్నైనా కొనే ముందు, తప్పు లాప్‌టాప్‌కూ రూటర్‌కూ మధ్య ఉందా, రూటర్‌కు అవతల ఉందా అన్నది తేల్చుకోవాలి. కమాండ్ ప్రాంప్ట్ కిటికీలు రెండు పక్కపక్కన తెరిచి, ఒకదానిలో రూటర్‌కు, రెండోదానిలో 8.8.8.8 కు, అంటే బయట ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్‌కు, ఆగకుండా పింగ్ పెట్టండి. పింగ్ అంటే చిన్న సందేశం పంపి, జవాబు ఎంతసేపట్లో వస్తుందో కొలవడం. ఫ్రిట్జ్‌బాక్స్ అనే రకం రూటర్ అయితే దాని చిరునామా మామూలుగా 192.168.178.1 ఉంటుంది, వేరే రూటర్ అయితే నెట్‌వర్క్ సెట్టింగులలో డిఫాల్ట్ గేట్‌వే అన్న చోట చూడండి. రూటర్ నుంచి జవాబు పది మిల్లీసెకన్ల లోపు నిలకడగా వస్తూ, రెండో కిటికీలో మాత్రం అంకెలు ఎగిరిపడుతుంటే మీ లాప్‌టాప్‌ను తిట్టకండి. లోపం లైనులో ఉంది. రూటర్ నుంచే జవాబు ఒకసారి 4, ఒకసారి 600, ఒకసారి అసలు రాకుండా ఉంటే లోపం మీ గదిలోని గాలిలో ఉంది. లాప్‌టాప్‌ను తీసుకువెళ్ళి రూటర్ పక్కన నేల మీద కూర్చుని అదే పరీక్ష మళ్ళీ చేయండి. అక్కడ బాగుంటే గోడలదీ దూరానిదీ తప్పు, అక్కడా బాగులేకపోతే అప్పుడు లాప్‌టాప్‌ను అనుమానించవచ్చు.

గాలిలో లోపం ఉన్నప్పుడు వైఫై ప్రాపర్టీస్‌లో మీరు ఏ బ్యాండ్‌లో ఉన్నారో చూడండి. 2.4 గిగాహెర్ట్జ్ గోడలను బాగా దాటుతుంది గానీ, అపార్ట్‌మెంట్లలో చుట్టుపక్కల వాళ్ళ రూటర్లూ, బ్లూటూత్, మైక్రోవేవ్ పొయ్యి అన్నీ అందులోనే కిక్కిరిసి ఉంటాయి. అందులో ఒకదానితో ఒకటి కలవకుండా మామూలుగా వాడే చానళ్ళు 1, 6, 11 అనే మూడు. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, కానీ రెండు ఇటుక గోడలు అడ్డొస్తే నీరసించిపోతుంది. మీ గది దగ్గరైతే 5, దూరమైతే 2.4, అంతే. ఇక్కడ 2.4 బ్యాండ్‌లో 13 చానళ్ళ దాకా వాడతారు, అమెరికాలో మామూలుగా 11 తోనే ఆగిపోతారు. కాబట్టి మీ బావ అమెరికా నుంచి తెచ్చి ఇచ్చిన లాప్‌టాప్‌కు ఇంటి నెట్‌వర్క్ అసలు కనిపించకపోతే, రూటర్ మెనూలో ఫుంక్‌కనాల్ (రేడియో చానల్) అన్న చోట 12 గానీ 13 గానీ పెట్టి ఉందేమో అసలు అద్దెదారుతో చూపించుకోండి.

లాప్‌టాప్ వైపు చూడవలసినవి కొద్దే. డివైస్ మేనేజర్‌లో వైఫై కార్డును కరెంటు ఆదా కోసం ఆపివేసే టిక్కు తీసేయండి, తయారీదారు సైటు నుంచి డ్రైవర్ తాజాగా వేయండి, వీపీఎన్ ఆపి చూడండి. యూఎస్‌బీ 3 హబ్, బయటి హార్డ్‌డిస్క్ వంటివి 2.4 బ్యాండ్‌లోనే రొద పుట్టిస్తాయి కాబట్టి వాటిని లాప్‌టాప్‌కు అంటిపెట్టి ఉంచవద్దు.

లైనులోనే లోపం ఉందని తేలితే, టెలికాం కంపెనీలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ బుండెస్‌నెట్జ్‌ఏజెంటూర్ వారి బ్రైట్‌బాండ్‌మెసుంగ్ అనే ఇంటర్నెట్ వేగం పరీక్ష ఉంది. ఒప్పందంలో చెప్పిన వేగం రాకపోతే బిల్లు తగ్గించమని అడిగే హక్కు 2021 డిసెంబరు నుంచి ఉంది. కానీ దానికి వైఫై మీద కొలిచిన అంకెలు చెల్లవు, కేబుల్ పెట్టి 3 వేర్వేరు రోజుల్లో 30 సార్లు కొలవాలి. ఒప్పందం ఎవరి పేరున ఉంటే వారే అడగాలి కాబట్టి మీరు మర్యాదగా చెప్పి ఊరుకోండి. కేబుల్ మాత్రం ఎలాగూ ఒకటి కొనిపెట్టుకోండి, లాప్‌టాప్‌కు లాన్ పోర్టు లేకపోతే అడాప్టర్ కూడా. ఇంటర్వ్యూ ఉన్న రోజు దాన్ని నడవా పొడుగునా పరిచి, ఎవరూ తట్టుకుని పడకుండా చెప్పి కూర్చోండి. లేదంటే యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్ళి ఎడ్యురోమ్ అనే యూనివర్సిటీల వైఫై వాడుకోండి, అక్కడ యూజర్ నేమ్ వెనుక యూనివర్సిటీ డొమైన్ కూడా రాస్తేనే లోపలికి రానిస్తుంది.

ఇంత చదివి భయపడవలసిన పని లేదు, ఆ మాట కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. ఇండియాలో కొన్న లాప్‌టాప్ ఇక్కడ నిక్షేపంగా పని చేస్తుంది, నాది ఆరేళ్ళు పని చేసింది. మంగళవారం రాత్రి ఆ తమ్ముడి ఇంట్లో ఇంటర్నెట్ తిరిగి వచ్చాక నేనే వెళ్ళి చూశాను. లాప్‌టాప్ 2.4 బ్యాండ్‌లో ఉంది, దాని ఎడమవైపు యూఎస్‌బీ హబ్ ఒకటి, ఆ హబ్‌కు హార్డ్‌డిస్క్ ఒకటి వేలాడుతున్నాయి. హబ్ పీకేశాను, రూటర్ నుంచి జవాబు 5 మిల్లీసెకన్ల దగ్గర నిలబడింది.