శాఖలన్నిటికీ ఒకే మ్యాపు: పని మొదలెట్టే ముందు జాగ్రత్తలు

ఆంధ్రప్రదేశ్‌లో రెవెన్యూ, జలవనరులు, మున్సిపల్ శాఖల మ్యాపులను ఒకచోటికి తేవాలనుకునే బృందం కోసం ఇది.

☐ సర్వర్లు కొనడం ఆఖరున. ముందు ఏ శాఖ దగ్గర ఏ మ్యాపు ఉందో, ఎప్పటిదో రాసుకోండి.

☐ మ్యాపులోని ప్రతి పొరకూ (లేయర్‌కూ) ఒకే యజమాని శాఖ ఉండాలి. ఊరి సరిహద్దు రెవెన్యూది, కాలువ జలవనరులది. మార్పు వాళ్లే చేయాలి, మిగతావాళ్లు వాడుకోవాలి. ఈ మాట జీవోలో ఉండాలి. మీటింగ్‌లో తలూపితే చాలదు.

☐ కోఆర్డినేట్ల (చోటును చెప్పే అంకెల) దగ్గరే అసలు తంటా. యూటీఎం (భూమిని నిలువుగా 60 జోన్లుగా విడగొట్టి కొలిచే పద్ధతి) లెక్కలో మన రాష్ట్రం మూడు జోన్లలో పడుతుంది: అనంతపురం 43, విజయవాడ 44, ఇచ్ఛాపురం 45. ఏ ఫైలు ఏ జోన్‌దో రాయకుండా తీసుకోవద్దు. పాత టోపోషీట్లు (సర్వే మ్యాపులు) భూమి ఆకారాన్ని లెక్కగట్టే పాత నమూనా అయిన ఎవరెస్ట్ స్ఫెరాయిడ్‌వి. మార్చకుండా జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 మీద పెడితే చెరువు వంద మీటర్లకు పైగా జరిగి ఎవరి పొలంలోనో తేలుతుంది.

☐ ఊళ్లను పేరుతో కలపొద్దు. కొత్తపల్లెలు, రామాపురాలు ఎన్ని లేవు! ఎల్‌జీడీ కోడ్ (కేంద్రం ప్రతి ఊరికీ ఇచ్చిన ప్రత్యేక సంఖ్య) వాడండి.

☐ 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. జిల్లాలు మళ్లీ మారతాయనే అనుకుని, ప్రతి సరిహద్దుకూ అమలు తేదీ పెట్టండి. పాతది చెరపొద్దు, పాత గణాంకాలకు అదే ఆధారం.

☐ భూయజమానుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉమ్మడి పొరలోకి రానివ్వద్దు.

☐ తొలి విడతకు ఒక్క మండలం చాలు. అక్కడి వీఆర్వో, సర్వేయరు చూసి సరేనన్నాకే రెండోది.