పాటల షాపు పెద్దాయనకు తగిన నివాళి అర్పించడం ఎలా

మన ఊళ్లలో గ్రామఫోన్ రికార్డులూ, ఆ తర్వాత క్యాసెట్లూ అమ్మిన చిన్న షాపుల యజమానులు ఒక్కొక్కరుగా వెళ్లిపోతున్నారు. ఏ పెద్ద సంస్థ అండా లేకుండా ఒక గది అద్దెకు తీసుకుని, దశాబ్దాలపాటు ఊరికి పాట వినిపించిన మనిషి కన్నుమూస్తే, మిత్రులు ఫ్లెక్సీ కట్టించి, పటానికి దండ వేసి, రెండు నిమిషాలు మౌనం పాటించి ఇళ్లకు వెళ్లిపోవడం ఆనవాయితీ అయింది. అందులో తప్పేమీ లేదు గానీ, అది ఆయనకు చాలదు. రికార్డు తయారుచేసింది కంపెనీ, పాడింది గాయకులు; ఆయన సొంతంగా ఇచ్చింది ఎవరికి ఏ పాట నచ్చుతుందో కనిపెట్టి చేతిలో పెట్టే ఆ ఎంపిక. దాన్ని రాసి పెట్టి నిలపడమే అసలైన నివాళి అని నా గట్టి నమ్మకం, ఇక్కడ చెప్పబోయే పనులన్నీ అందుకోసమే.

పెద్దకర్మ పూర్తయ్యేదాకా కుటుంబం దగ్గర సభ ప్రస్తావన తేకండి. అయితే రెండు పనులు అప్పటిదాకా ఆగవు. మొదటిది, షాపును ఉన్నదున్నట్టు కాపాడటం. మనిషి పోయాడన్న కబురు తెలియగానే అరుదైన రికార్డులను అయినకాడికి కొనుక్కుపోవడానికి వచ్చేవారు ఉంటారు. గది ఖాళీ చేయమని తొందరపెట్టే ఇంటి యజమాని ఉండవచ్చు. ఇంట్లోవాళ్లే దిక్కుతోచక అంతా పాత సామాన్లవాడికి తూకానికి వేసేయవచ్చు. అందుకే కుటుంబానికి బాగా దగ్గరైన ఒక్కరు మాత్రమే వెళ్లి, జాబితా తయారయ్యేవరకు ఏదీ అమ్మవద్దని నెమ్మదిగా చెప్పి, అద్దె గడువు విషయం తామే మాట్లాడాలి. రెండవది లెక్కలు. బాగుచేయడానికి ఇచ్చిన ప్లేయర్లు, క్యాసెట్‌లోకి ఎక్కించడానికి ఇచ్చిన రికార్డులు ఇతరుల సొత్తు గనుక వాటిని వేరుచేసి, పేర్లు రాసి, ఎవరివి వారికి చేర్చాలి. ఆయనకు బాకీ పడ్డవారు అడిగించుకోకుండా ఆ బాకీ ముందు తీర్చాలి. సభలో ఎంత గొప్పగా మాట్లాడినా దానికి సాటి రాదు.

ఒక్క వస్తువు కదిలించకముందే షాపును ఫొటోలు తీయండి. అరలను వరుసగా, ఎదురుగా నిలబడి, రికార్డు అట్టల అంచుల మీది అక్షరాలు చదవగలిగేంత దగ్గరగా తీయాలి. కొందరు గాయకుల పేర్ల ప్రకారం, కొందరు సంగీత దర్శకుల ప్రకారం, ఇంకొందరు కంపెనీ నంబర్ల ప్రకారం సర్దుకుంటారు. పద్యనాటకాలు, హరికథలు, సినిమా సంభాషణల రికార్డులు ఎక్కడ పెట్టారో, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఏవి ఉంచుకున్నారో చూస్తే ఆయన మనసు తెలుస్తుంది. అట్టపెట్టెల్లో సర్దేసిన తర్వాత ఆ వరుసను ఎవరూ తిరిగి చెప్పలేరు.

క్యాసెట్ల కాలంలో రికార్డింగ్ కూడా చేసిన షాపు అయితే మీకు మరింత విలువైన ఆధారం దొరుకుతుంది. ఖాతాదారు తెల్లకాగితం మీద పాటల చీటీ రాసి ఇచ్చేవాడు, షాపు యజమాని వాటిని ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించేవారు. సి-60లో పక్కకు 30 నిమిషాలు, సి-90లో 45 నిమిషాలు. పాట మధ్యలో టేపు అయిపోకుండా వరుస కుదర్చడం ఆయన పని. చివర మూడు నాలుగు నిమిషాలు మిగిలితే, చీటీలో లేని పాట ఒకటి తన ఇష్టంతో వేసి ఇవ్వడం చాలామందికి అలవాటు. అడగకుండా వచ్చిన ఆ పాటే ఆయన సంతకం. పాత ఖాతాదారులను ఇళ్లలోని క్యాసెట్లు వెతికి తెమ్మనండి. ఆయన చేతిరాత ఉన్న లోపలి కార్డును రెండువైపులా ఫొటో తీసి, ఏ పాటలు తాము అడిగినవో, ఏది ఆయన వేసినదో వారి చేతనే చెప్పించి రాసుకోండి. ఇలాంటి కార్డులు ఒక యాభై పోగైతే, ఆ ఊరు ఏం విన్నదో, ఆయన ఏం వినిపించాలనుకున్నాడో రెండూ పక్కపక్కన కనబడతాయి. ముంబయి కాలాఘోడాలోని పేరున్న పాటల షాపు రిథమ్ హౌస్ 2016లో మూతపడినప్పుడు, అక్కడి చిన్న గదుల్లో నిలబడి పాట విని ఎంచుకున్న రోజులను ఎందరో తలచుకున్నారు. మన చిన్న ఊళ్లలో ఆ గది పాత్రను ఇలాంటి యజమానులే పోషించారు.

వార్త రాసేటప్పుడు "సంగీత లోకానికి తీరని లోటు" వంటి మాటలు మానేయండి, అవి ఎవరికైనా సరిపోతాయి. షాపు ఏ వీధిలో, ఏ ఏడాది మొదలైందో, గ్రామఫోన్ నుంచి క్యాసెట్‌కు, క్యాసెట్ నుంచి సీడీకి ఎప్పుడు మారారో, ఎవరి దగ్గర పని నేర్చుకున్నారో రాయండి. తేదీలను ఒక్కరి జ్ఞాపకం మీద ఆధారపడి రాయకుండా అద్దె కాగితాలతో, మునిసిపాలిటీ లైసెన్సుతో, పాత బిల్లు పుస్తకాలతో సరిచూసుకోవాలి. షాపులో ఏళ్లతరబడి పనిచేసిన కుర్రాడినీ, మధ్యాహ్నాలు గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ఆయన భార్యనూ తప్పకుండా అడగండి. చాలా షాపులు సగం వారి వల్లనే నడిచాయి, పత్రికల్లో మాత్రం వారి పేర్లు రావు.

సంస్మరణ సభకు ముఖ్య అతిథి అక్కర్లేదు. ముఖ్య అతిథి వస్తే శాలువాలు, ఆలస్యం, పోయిన పెద్దాయనతో పరిచయమే లేని మనుషుల ఉపన్యాసాలు వెంట వస్తాయి. దానికి బదులు పదిమంది ఖాతాదారులను ఎంచుకుని, ఒక్కొక్కరిని ఆయన దగ్గర కొన్న ఒక రికార్డు తెమ్మనండి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు 10 అంగుళాల రికార్డు, అంటే 78 రికార్డు, ఒక పక్క దాదాపు మూడు నిమిషాలు పాడుతుంది. మాట్లాడేవారికీ అంతే సమయం ఇచ్చి, ఆ రికార్డు తమ చేతికి ఎలా వచ్చిందో మాత్రమే చెప్పమని, వెంటనే ముల్లు పెట్టి వినిపించండి. ముల్లు విషయంలో జాగ్రత్త అవసరం. 78 రికార్డుకు వాడే ముల్లు మొన, ఆ తర్వాత వచ్చిన సన్నగాళ్ల ప్లాస్టిక్ రికార్డు ఎల్పీకి వాడే ముల్లు కంటే దాదాపు మూడింతలు వెడల్పు ఉంటుంది కాబట్టి రెండింటికీ ఒకే ముల్లు వాడకూడదు. కీ ఇచ్చే పాత గ్రామఫోన్‌లో అయితే ఉక్కు ముల్లును ప్రతి పక్కకూ మార్చాలి. ముల్లును పట్టి ఉంచే దాని సౌండ్ బాక్సు బరువుకు గాడి అరిగిపోతుంది గనుక, ఒకే ప్రతి మిగిలిన రికార్డును దాని మీద అసలు పెట్టకండి.

సభ ముగిశాక మిగిలేది సేకరణ. ప్రతి రికార్డుకూ కంపెనీ, లేబుల్ మీది నంబరు, గాయకుల పేర్లు, రెండు పక్కల పాటలు, పగుళ్లుంటే ఆ సంగతి రాసి, లేబుల్ ఫొటో జత చేయాలి. లక్కతో చేసిన 78 రికార్డులను స్పిరిట్‌తో తుడిస్తే లక్క కరిగి పాడైపోతాయి. శుద్ధిచేసిన నీటిలో రెండు చుక్కల మెత్తని సబ్బు ద్రవం కలిపి, లేబుల్ తడవకుండా తుడిచి ఆరబెట్టండి. అన్నింటినీ నిలువుగానే పెట్టాలి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే కిందివి వంగిపోతాయి లేదా పగిలిపోతాయి. మన ఎండాకాలంలో రేకుల కప్పు కింద ఒక్క మధ్యాహ్నం ఉంచినా ఎల్పీలు మెలితిరిగిపోయే ప్రమాదం ఉంది. అరుదైనవాటిని 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైళ్లుగా, అంటే నాణ్యత తగ్గించకుండా కంప్యూటర్‌లోకి ఎక్కించి, వినడానికి ఎంపీ3 ప్రతులు వేరుగా చేసుకోండి. కరకరమనే చప్పుడు తీసేయాలనిపించినా అసలు ఫైలును ముట్టుకోవద్దు, శుభ్రం చేసినది రెండో ప్రతిగానే ఉండాలి.

ఆ ఫైళ్లను ఇంటర్నెట్‌లో పెట్టే ముందు హక్కులు చూడండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ధ్వనిముద్రణకు, అది విడుదలైన మరుసటి ఏడాది మొదలుకొని 60 ఏళ్లు రక్షణ ఉంటుంది; సాహిత్యానికీ, బాణీకీ హక్కులు వేరు, అవి రచయిత, స్వరకర్త మరణించాక కూడా 60 ఏళ్లు కొనసాగుతాయి. కార్డుల ఫొటోలు, ఖాతాదారుల మాటలు మాత్రం వారి అనుమతితో ధైర్యంగా పెట్టవచ్చు.

సేకరణను ఎక్కడ ఉంచాలన్నది కుటుంబం నిర్ణయం. వారికి డబ్బు అవసరమైతే అమ్ముకోవడం న్యాయమే, జాబితా చేతిలో ఉంటే మోసపోరు. దానం చేయదలిస్తే 1982లో మొదలై, ఇప్పుడు గురుగ్రామ్‌లో ధ్వనిముద్రణలు భద్రపరుస్తున్న అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ వారి సంగీత ఆర్కైవుకూ, చెన్నైలోని రోజా ముత్తయ్య పరిశోధన గ్రంథాలయానికీ జాబితా పంపి, ఏవి తీసుకోగలరో అడగండి. ఊరి గ్రంథాలయానికి ఇవ్వాలనుకుంటే అక్కడ ప్లేయరూ, దాన్ని నడపగల మనిషీ, ఎండ తగలని గదీ ఉన్నాయని కళ్లారా చూసుకున్నాకే ఇవ్వండి. ఎక్కడికి వెళ్లినా సేకరణ ముక్కలు కాకుండా ఆయన పేరుతోనే నమోదు కావాలని కాగితం మీద రాయించుకుని, సంతకాలు చేయించి, ఒక ప్రతి కుటుంబానికి ఇవ్వాలి. ఆ ప్రతితోపాటు ఫొటోలూ ఫైళ్లూ ఉన్న హార్డ్ డిస్కు ఒకటి ఇంట్లో, మరొకటి వేరే ఊళ్లో ఉన్న పిల్లల దగ్గర ఉండేలా చూడండి.