దేవమాలి, గోపాలపూర్ ఫొటోలు గ్రూపులో పెట్టే ముందు

ఒడిశాలోని బరంపురం మనవాళ్లు గోపాలపూర్ బీచ్‌లో కాలు తడిపారో లేదో, వాట్సాప్ గ్రూపులో ఫొటోలు కుమ్మరిస్తారు. ఊళ్లో లేమని చాటింపు దేనికి? ఇంటికొచ్చాకే పెట్టండి.

• లొకేషన్ ఆన్‌లో ఉంటే, ఎక్కడ తీశారో ఫొటో ఫైల్‌లోనే నమోదవుతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ వివరం పోతుంది, క్వాలిటీ కూడా తగ్గుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే మాత్రం రెండూ చెక్కుచెదరవు. అందుకే డాక్యుమెంట్ సొంతవాళ్లకే.

• పిల్లల స్నానాల ఫొటోలు వాళ్ల అమ్మానాన్నల్ని అడిగాకే.

• రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే సముద్ర తాబేళ్లపై ఫ్లాష్ వద్దు.

• దేవమాలి కొండ (1,672 మీటర్లు) మబ్బుల ఫొటోలు ఎన్నైనా పంపండి. కోరాపుట్ సంతలో అడక్కుండా తీసిన ఆదివాసీ మహిళల ఫొటోలు మాత్రం, ఎంత బాగా వచ్చినా, డిలీట్ చేయండి.