అనంతపురం బోరు నీళ్ళకు కూడా నురగొచ్చే సోపు ఇంట్లోనే చేసుకునేది ఎట్ల

మా అనంతపురంలో బోరు నీళ్ళతో స్నానం చేసేవాళ్ళకు ఈ బాధ తెలుసు. సోపు ఎంత రుద్దినా నురగ రాదు, ఒళ్ళంతా జిడ్డుజిడ్డుగా ఏదో అంటుకున్నట్టు ఉంటాది, బకెట్టు అంచుకు తెల్లగా పాచి మాదిరి పేరుకుంటాది. నీళ్ళలో ఉండే కాల్షియం, మెగ్నీషియం సోపును పట్టుకుని కరగని పదార్థంగా మార్చేస్తాయి, ఆ తెల్ల పొర అదే. అందుకే యూట్యూబ్‌లో చూసి ఆలివ్ ఆయిల్‌తో సోపు చేస్తే మన నీళ్ళకు అస్సలు పనికిరాదు, డబ్బులు దండగ. నేను రెండేళ్ళుగా మన నీళ్ళకు, మన ఊర్లో దొరికే నూనెలకు తగ్గట్టు మార్చుకుంటా వచ్చిన కొలత ఇది.

నూనెలు మొత్తం 500 గ్రాములు. అందులో కొబ్బరి నూనె 250, చెనిక్కాయ (వేరుశెనగ) నూనె 200, ఆముదం 50. కొబ్బరి నూనె సగం ఎందుకంటే ఉప్పు నీళ్ళలో కూడా నురగ ఇచ్చేది అదే. మొదట్లో నేను చెనిక్కాయ నూనె గానుగలో ఫ్రెష్‌గా దొరుకుతాంది కదా అని మొత్తం దాంతోనే చేసినా, రెండు నెలలైనా సోపు వేలితో నొక్కితే దిగబడేది, ఇంకొన్నాళ్ళకు నారింజ రంగు చుక్కలు వచ్చి పాత నూనె వాసన కొట్టింది, అన్నీ పారేయాల్సి వచ్చింది. కాబట్టి చెనిక్కాయ నూనె 200 దాటించొద్దు. ఆముదం ఆ కొంచెమే చాలు, నురగను ఎక్కువసేపు నిలబెడతాది, ఎక్కువేస్తే సోపు జిగటగా అవుతాది.

ఇంక కాస్టిక్ సోడా 80 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 10 గ్రాములు, నీళ్ళు 180 గ్రాములు. ఈ నిమ్మ ఉప్పే మన నీళ్ళకు అసలు మందు, అది కాస్టిక్‌తో కలిసి సిట్రేట్ అవుతాది, ఆ సిట్రేట్ నీళ్ళలో కాల్షియాన్ని సోపు దాకా రానీకుండా పట్టుకుంటాది. కానీ 10 గ్రాముల నిమ్మ ఉప్పు 6 గ్రాముల కాస్టిక్‌ను తినేస్తాది, ఆ 6 కలుపుకునే 80 అని చెప్పినా. నిమ్మ ఉప్పు వద్దనుకుంటే కాస్టిక్ 74 గ్రాములే వేయాల, మర్చిపోయి 80 వేస్తే ఒళ్ళు మండుతాది. నూనె కొలత మారిస్తే కాస్టిక్ కొలత కూడా మారుతాది, ఒక్కో నూనెకు ఒక్కో లెక్క, ఊరికే అందాజుగా వేయొద్దు. గ్రాము దాకా చూపించే కిచెన్ స్కేలు తప్పనిసరి, గ్లాసులతో, స్పూన్లతో కొలిచే పని కాదిది.

అంగట్లో అడిగేటప్పుడు సోడియం హైడ్రాక్సైడ్ అని పేరు చదివి తీసుకోండి. ఒకసారి కాస్టిక్ అని అడిగితే బట్టల సోడా కట్టిచ్చినారు, నేను చూసుకోలేదు, మూడు గంటలు తిప్పినా నూనె నూనెగానే ఉండింది. డ్రైనేజీ పైపుల్లో వేసే పొడి కూడా వద్దు, దాంట్లో వేరేవి కలిపి ఉంటాయి.

ఇప్పుడు జాగ్రత్తగా చదవండి. ఈ పని మిద్దె మీద గానీ కిటికీలన్నీ తెరిచిన చోట గానీ చేయండి, పిల్లలు అటు రాకుండా చూసుకోండి, చేతులకు రబ్బరు గ్లౌజులు, కళ్ళకు అద్దాలు, ఫుల్ చేతుల చొక్కా ఉండాల. గిన్నె స్టీలుదే వాడండి, అల్యూమినియం సత్తు గిన్నె ముట్టుకోవద్దు, కాస్టిక్ దాన్ని తినేసి హైడ్రోజన్ గ్యాసు వదుల్తాది. నీళ్ళు ఫిల్టర్ నీళ్ళే, ఇక్కడ కూడా బోరు నీళ్ళు పోస్తే మొదటికే మోసం. ముందు నీళ్ళలో నిమ్మ ఉప్పు కరిగించి, తర్వాత కాస్టిక్‌ను కొంచెం కొంచెంగా ఆ నీళ్ళలో వేస్తా కలపాల. ఎప్పుడైనా నీళ్ళలోనే కాస్టిక్ వేయాల, కాస్టిక్ మీద నీళ్ళు పోస్తే ఒక్కసారిగా పొంగి మీద పడతాది. పొయ్యి మీద పెట్టకుండానే గిన్నె పట్టుకోలేనంత కాలిపోతాది, ఆవిరి వస్తాది, ఆ ఆవిరి పీల్చొద్దు. చుక్క చేతి మీద పడితే వెంటనే కొళాయి కింద పెట్టి పావుగంట కడగండి, నిమ్మరసం, వెనిగర్ రాయొద్దు. కంట్లో పడితే నీళ్ళతో కడుగుతానే ఆసుపత్రికి పోండి.

ఆ నీళ్ళు ఆరి గోరువెచ్చగా, సుమారు 40 డిగ్రీలకు వచ్చినాక నూనెల్లో మెల్లగా పోయండి. హ్యాండ్ బ్లెండర్ ఉంటే ఆన్ చేసి ఆపి, ఆన్ చేసి ఆపి కలిపితే కొన్ని నిమిషాల్లోనే చిక్కబడతాది, గరిటెతో అయితే గంట పైనే పడతాది. పలచగా మెరిసే నూనె మెల్లగా మజ్జిగ మాదిరి తెల్లబడి, తర్వాత దోసె పిండి మాదిరి అవుతాది, గరిటె ఎత్తితే కారిన పిండి పైన గీతగా నిలబడాల, ఆ గీత మునగకుండా నిలిచినాక ఆపేయండి. బటర్ పేపర్ పరిచిన ప్లాస్టిక్ డబ్బాలో పోసి, పైన పాత టవల్ కప్పి ఒకరోజు వదిలేయండి.

రంగు కోసం చాలామంది పసుపు వేస్తారు. వేయగానే ఎర్రగా అయితే భయపడొద్దు, పసుపులో సున్నం కలిపి దిష్టి తీసే ఎర్రనీళ్ళు చేస్తాం కదా, ఇదీ అదే, ఆరేకొద్దీ నారింజకు తిరుగుతాది. వేపాకు పొడి వేస్తే పచ్చగా ఉండదు, కొన్నాళ్ళకు మట్టి రంగు అవుతాది.

మరుసటి రోజు గ్లౌజులతోనే ముక్కలు కోసి, గాలి తగిలే నీడలో ఒకదానికొకటి తగలకుండా పేర్చి నాలుగు వారాలు ఆరబెట్టండి. తొందరపడి రెండో వారానికే వాడితే చర్మం మండొచ్చు, పైగా సోపు వారం కూడా రాదు. ఈ విషయంలో మాత్రం మన జిల్లా మనకు కలిసొస్తాది, వానలు తక్కువ, గాలి పొడి, మా సోపులు గట్టిగా టకటకా శబ్దం వచ్చేలా ఆరతాయి. ఎండలో పెట్టొద్దు, నూనె వాసన పడతాది.

ఈ సోపు తలకు వద్దు. సిట్రేట్ వేసినా బోరు నీళ్ళకు జుట్టులో తెల్ల పొర పట్టి పీచు మాదిరి అవుతాది. తలకు మా అవ్వ వాడిన కుంకుడుకాయే మేలు, అందులోని నురగ పదార్థం సోపు లాంటిది కాదు కాబట్టి మన నీళ్ళకు అది విరిగిపోదు. పది కాయలు కొట్టి గింజలు తీసి రాత్రి నానేసి, పొద్దున పిసికి వడకట్టుకుంటే ఒక తలకు సరిపోతాది. కళ్ళలో పడితే మంటే, పిల్లలకు పోసేటప్పుడు తల వెనక్కి వంచండి. మిగిలింది రెండోరోజుకు పులుస్తాది, దాచొద్దు.

మొహానికి సున్నిపిండి. అర కిలో పెసలు, పిడికెడు బియ్యం, రెండు స్పూన్ల కస్తూరి పసుపు, ఇంకా చీనీకాయ (బత్తాయి) తొక్కలు. మన జిల్లాలో చీనీ తోటలకు కొదవా, జ్యూసు తీసినాక తొక్కలు పారేయకుండా చిన్నగా కోసి నీడలో గలగలమనేదాకా ఆరబెట్టుకోండి, పచ్చి ఉంటే పిండికి బూజు పడతాది. శానామంది బావంచాలనే గింజలు కూడా వేయమంటారు, నేను వేయను, మీరూ వేయొద్దు. బావంచాల్లో ఉండే సోరాలిన్ చర్మం మీద ఉన్నప్పుడు ఎండ తగిలితే బొబ్బలొచ్చి నల్లగా మచ్చలు పడతాయి, మన ఎండలకు అది మామూలు రిస్కు కాదు. మొహానికి పచ్చి నిమ్మరసం రుద్దుకుని బయటికి పోయినా అదే జరుగుతాది.

పెదాలకు లిప్ బామ్ అయితే తేనె మైనం ఒక భాగం, కొబ్బరి నూనె మూడు భాగాలు, వేడి నీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించి చిన్న డబ్బాలో పోసుకుంటే అయిపోయింది, ఏప్రిల్, మే నెలల్లో మైనం ఇంకొంచెం పెంచండి, లేకపోతే బ్యాగులో నీళ్ళైపోతాది.

ఇంట్లోకి చేసుకుంటే ఏం ఇబ్బంది లేదు, అమ్మాలంటే మాత్రం కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం లైసెన్సు కావాల. ఊరికే వదినకో, పక్కింటి అక్కకో ఇచ్చినా సరే, ఏ నూనెలు వేసినారో, ఏ తేదీన పోసినారో చీటీ మీద రాసి చుట్టి ఇవ్వండి, చెనిక్కాయలు పడనివాళ్ళు ఉంటారు, ముందే చూసుకుంటారు.