ముందు ఫోర్కులు దించాక బండి కుదిపేస్తుంటే

అమలాపురం, రాజోలు వైపు గుంతలు పడిన కాలువ గట్ల మీద తిరిగే మోటారు సైకిలుకు ముందు ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే, లోపల స్ప్రింగూ ఆయిలూ ఉండే జంట గొట్టాలు) ఎత్తు తగ్గేలా దించాక వచ్చిన కుదుపును సహజమని సరిపెట్టుకోనక్కరలేదు. ఫోర్కు గొట్టానికి, ఆయిల్ కారకుండా ఆపే సీలుకు ఆనుకొనేలా ప్లాస్టిక్ టై కట్టి, ఆ దారిలోనే నడిపి, అది ఎంత పైకి జరిగిందో చూడాలి. ఫోర్కు కదలిక మొత్తం అయిపోతుంటే స్ప్రింగు చాలడం లేదని అర్థం. ఇంకాస్త గట్టిది వేయించాలి. సగంలోనే ఆగి చేతులకు దెబ్బ తగులుతుంటే ఆయిల్ ఎక్కువైందనో, మరీ చిక్కనిదనో అనుమానించి, స్ప్రింగు తీసి, ఫోర్కును పూర్తిగా నొక్కి ఉంచి, గొట్టం పై అంచు నుంచి ఆయిల్ మట్టాన్ని కొలిచి, మాన్యువల్‌లో చెప్పిన కొలతకు తేవాలి. చాలామంది పట్టించుకోని సంగతి ముందు చక్రం ఇరుసు: దాన్ని ఫోర్కుకు బిగించి పట్టే పించ్ బోల్టు వదులు చేసి, ముందు బ్రేకు పట్టి ఫోర్కును నాలుగైదుసార్లు నొక్కి వదిలాకే బిగించాలి. మెకానిక్ స్ప్రింగు కోద్దామంటే మాత్రం ఒప్పుకోవద్దు.