జామ రసంలో లాక్టోబాసిల్లస్‌ని పెంచి చూడటం ఎలా

డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెబుతూ పదకొండేళ్లయింది. దాదాపు ఏటా ఫైనలియర్ పిల్లల్లో ఒక బ్యాచ్ వచ్చి "మేడమ్, పండ్ల రసం వేస్తే మంచి బ్యాక్టీరియా ఎక్కువ పెరుగుతుందేమో చూద్దామా?" అని అడుగుతుంది. తప్పకుండా చూడొచ్చు. కానీ ఈ ప్రాజెక్టు ఎక్కువగా దెబ్బతినేది చక్కెర దగ్గరే.

లాక్టోబాసిల్లస్ అనే ఆ మంచి బ్యాక్టీరియాని పెంచే పోషక ద్రవం, అంటే ఎంఆర్ఎస్ బ్రాత్‌లో లీటరుకు 20 గ్రాముల గ్లూకోజ్ ముందే ఉంటుంది. కడుపు నిండా తిన్నవాడి ముందు ఇంకో ముద్ద పెడితే వాడికి ఆ కూర నచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? అందుకే గ్లూకోజ్ మాత్రం వదిలేసి, మిగతావన్నీ మామూలుగా వేసి ఎంఆర్ఎస్‌ని మనమే కలుపుకోవాలి.

ఇంటి పెరుగు తేవద్దు. పాలను తోడుపెట్టే ప్రతి బ్యాక్టీరియా ప్రోబయోటిక్ (ఒంటికి మేలు చేసేది) కాదు, పైగా అందులో ఏది ఎంత ఉందో మనకు తెలియదు. చండీగఢ్‌లో సూక్ష్మజీవుల కల్చర్లను భద్రపరిచి ఇచ్చే ఎంటీసీసీ నుంచి లాక్టోబాసిల్లస్ అసిడోఫిలస్ తెప్పించుకోండి.

ఇక రసం. బాగా మాగిన జామపళ్లు కడిగి, గింజ నలగకుండా మెత్తగా చేసి, సమానంగా డిస్టిల్డ్ వాటర్ కలిపి పలుచటి గుడ్డలో పిండండి. దాన్ని నేరుగా, సూక్ష్మజీవుల్ని ఆపేసే 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లోకి ఎక్కించబోతే సిరంజి బిగుసుకుపోతుంది, బొటనవేలు నొప్పెట్టేదాకా నొక్కినా నాలుగు చుక్కలు రావు. జామలో పెక్టిన్ అనే జిగురు పదార్థం అంత ఉంటుంది. ముందు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరిన నీటిని వాట్‌మన్ నంబర్ 1 కాగితంలో వడకట్టి, 0.45 మైక్రాన్ ఫిల్టర్ దాటించి, అప్పుడు 0.22కి వెళ్లండి. మధ్యాహ్నమంతా పడుతుంది, పట్టనివ్వండి. తొందరపడి ఆటోక్లేవ్ చేస్తే (ఒత్తిడిలో ఆవిరితో వేడిచేస్తే) విటమిన్ సి పోతుంది, రసం రంగు మారుతుంది. అప్పుడు మీరు పరీక్షించేది ఉడికిన జామని.

ఫిల్టర్‌కి ముందే సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 6.5కి తెచ్చుకోవాలి. లేకపోతే రసం చేసిన పనేదో, పులుపు చేసిన పనేదో విడదీయలేం.

ట్యూబులు నాలుగు రకాలు పెట్టండి: గ్లూకోజ్ లేని బ్రాత్ ఒక్కటే; దానిలో 2 శాతం గ్లూకోజ్; దానిలో జామ రసం; నాలుగోది, జామ రసంలో ఉన్నంత చక్కెర మాత్రమే కలిపినది. ప్రతిదీ మూడేసి. ఆ నాలుగోది ఒక ఏడాది మేం పెట్టలేదు. జామ ట్యూబుల్లో బ్యాక్టీరియా విపరీతంగా పెరిగిందని పిల్లలు ఎగిరి గంతేశారు, నేనూ సంతోషించాను. మరుసటి ఏడాది డీఎన్ఎస్ అనే రసాయన పరీక్షతో రసంలోని చక్కెర కొలిచి, అంతే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కలిపి చూస్తే దాదాపు అదే పెరుగుదల వచ్చింది. అప్పటినుంచి ఆ ట్యూబు లేకుండా ఎవరి ప్రాజెక్టు మీదా నేను సంతకం పెట్టడం లేదు.

కల్చర్ 1 శాతం వేసి 37 డిగ్రీల దగ్గర ఉంచండి. 0, 6, 12, 24 గంటలకు శాంపిల్ తీయండి. కలరీమీటర్ రీడింగ్ ఒక్కటే నమ్మొద్దు, రసం మసక కూడా అందులో కలిసిపోతుంది. సీరియల్ డైల్యూషన్ చేసి (అంటే ప్రతిసారీ పది రెట్లు పలుచన చేస్తూ పోయి) ఎంఆర్ఎస్ అగార్ మీద 0.1 మిల్లీలీటరు పరిచి, ప్లేట్లను వెలిగించిన కొవ్వొత్తితో పాటు జాడీలో పెట్టి, లోపల ఆక్సిజన్ తగ్గేలా గట్టిగా మూత వేయండి. 48 గంటల తర్వాత 30 నుంచి 300 మధ్య కాలనీలున్న ప్లేట్లే లెక్కపెట్టండి. 10⁻⁶ (పది లక్షల రెట్లు పలుచన చేసిన) ప్లేటు మీద 84 ఉంటే మిల్లీలీటరుకు 8.4 × 10⁸ అన్నమాట.

దానిమ్మ తొక్క లాంటి వగరు ఎక్కువున్నవి తీసుకుంటే పెరుగుదల తగ్గొచ్చు కూడా, టానిన్లు బ్యాక్టీరియాను అడ్డుకోగలవు. ప్రాజెక్టు ఫెయిలైందని టెన్షన్ పడకండి. అదీ రిజల్టే. 0.5, 1, 2 శాతం అంటూ మోతాదు మార్చి, ఏ మోతాదు దగ్గర తగ్గడం మొదలైందో రికార్డులో రాయండి.