కట్టెల బాయిలర్‌తో ఇంటిల్లిపాదికీ వేడినీళ్లు: పొగ లేకుండా ఎలా కాచుకోవాలి?

హైదరాబాద్ చలికి గదిలో పొయ్యి పెట్టాల్సిన పనిలేదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో నగరంలో సాధారణంగా 13–15 డిగ్రీలు ఉంటుంది, శివార్లలో కొన్ని రోజులు 10 లోపుకి దిగుతుంది. దానికి ఒక రగ్గు చాలు. చలి నిజంగా కొరికేది పొద్దున్నే ట్యాంకు నీళ్లు ఒంటి మీద పడ్డప్పుడు. పెరడో, ఖాళీ డాబానో ఉన్న ఇంటికి కట్టెల బాయిలర్ ఇప్పటికీ మంచి సాధనమే. కరెంటు పోయినా నీళ్లు కాగుతాయి. అపార్ట్‌మెంట్ బాల్కనీలో మాత్రం వద్దు. పై అంతస్తు వాళ్ల బట్టలకూ ఊపిరికీ మీ పొగే తగులుతుంది.

బాయిలర్ నిర్మాణం తెలిస్తే సగం పని అయినట్టే. బయట నీళ్లుండే పీపా, దాని నడుమ నిలువునా పొగగొట్టం, గొట్టం అడుగున చువ్వల జాలీ, జాలీ కింద బూడిద అర. గాలి ఆ అరలోంచి లోపలికి వెళ్లి, మంటను పైకి లాగుతుంది. గొట్టం చుట్టూ నీళ్లే కాబట్టి వేడి పెద్దగా వృథా కాదు. బేగంబజార్‌లో రాగివి తూకం మీద అమ్ముతారు. కొనేముందు నిండా నీళ్లు పోయించి అరగంట ఉంచి, అడుగు అతుకునూ నల్లా మొదలునూ వేలితో తడిమి చూడండి. చెమ్మ తగిలితే ఎంత మెరిసినా వదిలేయండి.

ఇంటి గోడకు కనీసం మూడడుగుల దూరంలో, చదునైన బండ మీద, ఆరుబయట పెట్టండి. పైన రేకుల కప్పు తక్కువ ఎత్తులో ఉంటే పొగ తిరిగి ముఖానికే కొడుతుంది. మూడు నాలుగడుగుల ఇనుప గొట్టం అదనంగా తగిలిస్తే మంట బాగా లాగుతుంది. జింకు పూత ఉన్నది తీసుకోకండి, బాగా వేడెక్కితే ఆ పూత నుంచి చెడు పొగ వస్తుంది.

ఇక కట్టెలు. చాలా ఇళ్లలో తప్పు ఇక్కడే జరుగుతుంది, నింద మాత్రం బాయిలర్ మీద పడుతుంది. పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీళ్లే. ఆ నీళ్లు ఆవిరవడానికే మంట వేడి కొంత ఖర్చయిపోతుంది, కట్టె సరిగా కాలక పొగ పెడుతుంది. తుమ్మ, సర్కారు తుమ్మ, సరుగుడు, చింత బాగా మండుతాయి. చలికాలానికి కావలసినవి వేసవికి ముందే తెచ్చి, చీల్చి, నేలకు ఆనకుండా ఇటుకల మీద పేర్చండి. పైన మాత్రమే కప్పి, పక్కల గాలి ఆడనివ్వండి. ఏప్రిల్, మే ఎండలు ఎండబెట్టే పని ఉచితంగా చేసిపెడతాయి. రెండు ముక్కలు కొట్టి చూడండి: ఎండినవి ఠంగుమంటాయి, పచ్చివి దబ్‌మంటాయి. చివర్లు పగిలి, బెరడు ఊడుతుంటే సిద్ధమైనట్టే. ముక్క రెండు వేళ్ల లావు, జానెడు పొడవు ఉంటే చాలు.

కొబ్బరి చిప్పలు మంచివే, వేడి ఎక్కువ. ప్లైవుడ్, రంగు వేసిన తలుపు ముక్కలు, ప్లాస్టిక్, గన్నేరు కొమ్మలు వేయకూడదు, వాటి పొగ విషం. చెత్త తగలబెట్టడానికి దీన్ని సాకుగా వాడకండి. ఆరుబయట చెత్త కాలిస్తే 5,000 రూపాయల జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది.

ముందు నీళ్లు, తర్వాతే నిప్పు. ఈ వరుస తప్పకూడదు. లోపల నీళ్లుంటే రేకు 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. ఖాళీ బాయిలర్‌లో అది నిమిషాల్లో 200 దాటుతుంది, మామూలు తగరం–సీసం అతుకు 183 డిగ్రీలకే కరిగిపోతుంది. కారే బాయిలర్లలో చాలా వాటి కథ ఇదే.

నీళ్లు నింపాక జాలీ మీది పాత బూడిద దులపండి. ఒక కాగితం ఉండ వెలిగించి జాలీ మీద వేసి, గొట్టంలో గాలి పైకి లాగడం మొదలయ్యాక చితుకులు, అవి అంటుకున్నాక రెండు మూడు ముక్కలు వేయండి. గొట్టాన్ని కట్టెలతో నింపేస్తే గాలి ఆడక పొగ పెడుతుంది. అప్పటికీ పొగ కింది నుంచే వస్తుంటే బూడిద అర నిండి ఉంటుంది, లేదా గొట్టంలో మసి గడ్డ కట్టి ఉంటుంది. కిరోసిన్ పోసి దారికి తేవాలని చూడకండి. చలికాలం పొద్దున పొగ పైకి పోకుండా వీధిలోనే నిలిచిపోతుంది కాబట్టి, చిన్నదైనా చురుకైన మంటే మేలు.

25 లీటర్ల నీళ్లు 20 నుంచి 70 డిగ్రీలకు రావాలంటే ఎండు కట్టె సుమారు ఒక కిలో, సమయం 25–30 నిమిషాలు. అందులో మరో 25 లీటర్ల చన్నీళ్లు కలిపితే దాదాపు 45 డిగ్రీల నీళ్లు 50 లీటర్లు, ఇద్దరికి ధారాళంగా సరిపోతాయి. బకెట్‌లో ముందు చన్నీళ్లు, తర్వాత వేడివి పోయండి. పిల్లలున్న ఇంట్లో ఇది గట్టి నియమం: 60 డిగ్రీల నీళ్లు కొద్ది సెకన్లలో బొబ్బలెక్కిస్తాయి. నీళ్లు పోసే మూతిని ఎప్పుడూ బిగించకండి, ఆవిరి పోవడానికి అదే దారి. బుడబుడమంటుంటే కొంత వేడినీళ్లు వదిలి, అంత చన్నీళ్లు పోయండి.

మిగిలిన నిప్పుల్ని కుంపటిలో వేసుకుని పడకగదిలోకి తీసుకెళ్లడం కొందరికి అలవాటు. పొగ లేని బొగ్గుల నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు, వాసన ఉండవు, నిద్రలోనే ప్రాణం పోతుంది. బాయిలర్‌ను స్నానాలగదిలో పెట్టకూడనిదీ ఇందుకే.

రెండు వారాలకోసారి కర్రకు గోనెగుడ్డ చుట్టి గొట్టంలోని మసి దులపండి. మసి పొర వేడిని నీళ్లకు చేరనివ్వదు. బోరు నీళ్లయితే లోపల తెల్లటి ఉప్పు పొర కూడా కడుతుంది. నెలకోసారి లీటరుకు 20 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లు గంటసేపు ఉంచి, రెండుసార్లు కడిగేయండి. టాయిలెట్ యాసిడ్ పోస్తే ఇత్తడి నల్లా, అతుకులు రెండూ తినేస్తుంది. బూడిదను ఒక రోజంతా ఇనుప బకెట్‌లో ఉంచాకే చెట్ల మొదట్లో వేయండి, అదీ పిడికెడే.

శివరాత్రి వెళ్లాక నీళ్లన్నీ తీసి, ఒక రోజు ఎండలో ఆరబెట్టి, నల్లా తెరిచి బోర్లించి ఉంచండి.